ఐ20 ఎన్ లైన్: డీలర్‌తో ఎంతవరకు బేరమాడొచ్చు?

బెంగళూరులో ఉన్న మనవాళ్లు కాస్త సలహా ఇవ్వండి. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ (ఐ20 కారులో స్పోర్టీ వెర్షన్) మాన్యువల్ గేర్లది కొందామనుకుంటున్నాను. టెస్ట్ డ్రైవ్‌లో సెకండ్ గేర్‌లో ఆ 1.0 లీటర్ టర్బో ఇంజిన్ వేగం అందుకున్న తీరు చూశాక ఇంకే కారూ మనసుకు పట్టడం లేదు.

మారతహళ్లి వైపు ఒక షోరూంవాళ్లు కొటేషన్‌లో హ్యాండ్లింగ్ చార్జీలు (బండిని గోడౌన్ నుంచి షోరూంకు తెచ్చి సిద్ధం చేసినందుకని డీలర్ వేసే రుసుము), యాక్సెసరీస్ ప్యాక్ కలిపేశారు. మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లకు కూడా విడివిడిగా రేటు వేశారు. డిస్కౌంట్ అడిగితే, ఇన్సూరెన్స్ మా దగ్గరే తీసుకోవాలంటున్నారు. బయట తీసుకునే హక్కు మనకుంది కదా! కర్ణాటకలో రోడ్ టాక్స్ ఎలాగూ ఎక్కువ, అందులో డీలర్ తగ్గించేదేమీ ఉండదు. బేరమంతా మిగతావాటి మీదే.

పోయిన ఏడాది తయారైన బండికైతే ఇంకాస్త తగ్గిస్తామన్నారు. రంగు పట్టింపు నాకు లేదు గానీ, రేపు అమ్మేటప్పుడు రేటు పడిపోతుందేమోనని టెన్షన్. ఈమధ్య కొన్నవాళ్లు క్యాష్ డిస్కౌంట్ ఎంత వచ్చిందో, హ్యాండ్లింగ్ చార్జీలు ఎలా తీయించారో చెప్తారా?