గ్రామ్ పార్సన్స్ 'జి.పి.': గొంతు నిలవకపోయినా ఎందుకంత పేరు?

ఈగల్స్_వీరాభిమాని:
కాలేజీ రోజుల నుంచీ అమెరికన్ రాక్ బృందం ఈగల్స్ పాటలు వింటున్నా. కంట్రీ రాక్ (అమెరికా పల్లె పాటల బాణీ, రాక్ కలిసినది) మూలాలు తెలియాలంటే అమెరికన్ గాయకుడు గ్రామ్ పార్సన్స్ మొదటి సోలో ఆల్బమ్ 'జి.పి.' (1973) వినాల్సిందే అంటారు కదా, విన్నాను. వాయిద్యాలు అద్భుతం. కానీ ఆయన గొంతు అక్కడక్కడా జీరపోతోంది, పైకి వెళ్తే నిలవడం లేదు. మీకు ఇందులో ఏం నచ్చిందో చెప్తారా?

తీగలమోత:
నాకైతే ఆ బ్యాండే చాలు. ఎల్విస్ ప్రెస్లీ దగ్గర వాయించేవాళ్లే ఇక్కడా ఉన్నారు. గిటార్ జేమ్స్ బర్టన్, పియానో గ్లెన్ డి. హార్డిన్, డ్రమ్స్ రానీ టట్. ఈ ఆల్బమ్ బయటికొచ్చిన జనవరిలోనే వీళ్లు హవాయిలో శాటిలైట్ ద్వారా ప్రసారమైన ఎల్విస్ కచేరీకి కూడా వాయించారు. అల్ పెర్కిన్స్ పెడల్ స్టీల్ (పడుకోబెట్టి, పెడళ్లు తొక్కుతూ వాయించే గిటార్) మీద కూడా ఓ చెవి వేయండి.

ఆల్టో_గుంటూరు:
గొంతు గురించి మీరన్నది నిజమేనండి. కాకపోతే ఆయన ఒక్కడి గొంతే పట్టుకుని వింటే ఆల్బమ్ సగమే వినపడుతుంది. రెండో గొంతు ఎమ్మీలూ హారిస్‌ది. అప్పటికి ఆవిడ వాషింగ్టన్ క్లబ్బుల్లో పాడుకుంటోంది, గ్రామ్ పాత బృందాల్లో తోటివాడు క్రిస్ హిల్‌మన్ చెప్తే గ్రామ్ వెళ్లి విన్నాడు.

నేను మా చర్చి క్వయర్‌లో ఆల్టో (ఆడవాళ్ల కింది స్వరం) పాడతాను. అసలు వరసను మింగేయకుండా పక్కన పాడటం ఎంత కష్టమో ప్రతి ఆదివారం తెలుస్తూనే ఉంటుంది. రెండో పాట 'వుయిల్ స్వీప్ అవుట్ ది యాషెస్ ఇన్ ది మార్నింగ్' పెట్టండి. ఇద్దరూ కలిసే చోట ఆవిడ ఆయన కంటే పై స్వరంలో ఉంటుంది, అయినా ఆయన్ని కప్పేయదు. ఆయన ఓ మాట సాగదీస్తే ఆవిడా అంతే సాగదీస్తుంది. ఇంత శ్రద్ధగా ఇంకో మనిషిని వింటూ పాడినవాళ్లు నాకు అరుదుగా తగిలారు.

తర్వాత 'స్ట్రీట్స్ ఆఫ్ బాల్టిమోర్'. ఇది గ్రామ్ రాసింది కాదు, హార్లన్ హోవర్డ్, టాంపాల్ గ్లేజర్‌లది. భార్య కోరిందని ఒకాయన పొలం అమ్మేసి బాల్టిమోర్ వెళ్తాడు, ఫ్యాక్టరీలో చేరతాడు. ఆవిడకు ఆ ఊరి దీపాలు, వీధులు తెగ నచ్చేస్తాయి. చివరికి, వచ్చిన రైల్లోనే ఆయనొక్కడే సొంత రాష్ట్రం టెనెస్సీకి తిరుగుముఖం పడతాడు. మీకు లోపంగా వినిపించిన జీర ఇక్కడ వినండి. ఇదే పాట దిట్టమైన గొంతుతో పాడితే పెళ్లాం మీద పంచాయితీ పెట్టినట్టుండేది.

పాతరికార్డు:
ఇది మొదటి ఆల్బమ్ ఎలా అవుతుంది? 1968లో బర్డ్స్ బృందంతో, 1969లో ఫ్లైయింగ్ బరీటో బ్రదర్స్ బృందంతో ఆల్బమ్‌లు చేశాడుగా. పైగా ఫ్లోరిడా నారింజ తోటల ఆస్తిపరుల మనవడు. పేదల పాటలు పాడటం వేషం అనిపించదా?

ఆల్టో_గుంటూరు:
అవి బృందాలు కదండీ. బర్డ్స్ రికార్డులో కొన్ని పాటల్లో ఈయన పాడింది తీసేసి ఆ బృంద నాయకుడు రోజర్ మెగ్విన్ గొంతు పెట్టారు కూడా. తన పేరు మీద, తన ఇష్టప్రకారం వచ్చింది ఇదే మొదటిది.

డబ్బున్న కుటుంబమే, కాదనను. పన్నెండేళ్లప్పుడు తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు, హైస్కూల్ పట్టా అందుకున్న రోజే తల్లి పోయింది. దుఃఖం అరువు తెచ్చుకోవాల్సిన అవసరం ఆయనకు లేదు. క్రిస్ ఎథ్రిడ్జ్‌తో కలిసి రాసిన 'షి' విన్నారా? పత్తి పండే నేల మీద పెరిగిన, పొలం పని చేసుకునే స్త్రీ గురించి. వేషం వేసేవాడైతే ఆవిడ మీద జాలి పుట్టించాలని చూస్తాడు. ఈ పాట ఆవిడ ఎంత బాగా పాడేదో చెప్పుకుని మురిసిపోతుంది.

ఈగల్స్_వీరాభిమాని:
ఆల్టో గారూ, 'యాషెస్' మళ్లీ విన్నా. ఈసారి ఆవిడ గొంతు వెంటే వెళ్లా. చాలా తేడా ఉంది. దీని తర్వాత ఏది?

ఆల్టో_గుంటూరు:
'గ్రీవస్ ఏంజెల్'. 1973 సెప్టెంబరు 19న గ్రామ్ పోయాడు, ఇరవయ్యారేళ్లకే. ఆ తర్వాత 1974లో వచ్చింది. అందులోనూ ఇద్దరూ ఉన్నారు. అది బాగా అలవాటయ్యాకే ఎమ్మీలూ 1975 ఆల్బమ్ 'పీసెస్ ఆఫ్ ది స్కై' పెట్టుకోండి. అందులో 'బౌల్డర్ టు బర్మింగ్‌హామ్' గ్రామ్ పోయాక ఆవిడ రాసుకున్నది.