పొట్టి పొరకా, పొడుగు పిడి పొరకా? నడుముకు ఏది మేలు?

హంద్రీగట్టు: కర్నూల్లో మా ఇంట్లో పనామె పొడుగు పిడి ఉన్న పొరక కొనియ్యమంటోంది, వంగి కసువు ఊడ్చలేకపోతోందట. మా అమ్మేమో వంగితేనే నడుము గట్టిపడుతుంది అంటుంది. మీరేమంటారు?

శెనక్కాయ: అమ్మ మాటే నిజం. మా అనంతపురం పల్లెల్లో ఆడోళ్ళు పొద్దస్తమానం శెనక్కాయ చేలో కలుపు తీస్తారు, ఎవరికీ నడుం బెల్టు లేదు. కుర్చీల్లో కూర్చునేవాళ్ళకే ఈ నొప్పులన్నీ.

ఎర్రబండ: అన్నా, గొంతుకు కూర్చుని కలుపు తీయడం వేరు, మోకాళ్ళు వంచకుండా నడుము దగ్గర వంగి ఊడ్చడం వేరు. కాళ్ళు నిటారుగా పెట్టి వంగితే పైశరీరం భారమంతా నడుము కండరాలు, డిస్కులే మోయాలి, దానికి తోడు ఒక చేత్తో ఊడుస్తూ పక్కకు తిరగడం. 1975లో కాలిఫోర్నియాలో పొట్టి పిడి పారతో పని చేయించడాన్ని ఆపించింది కూలీల నడుములు పోతున్నాయనే.

శెనక్కాయ: కాలిఫోర్నియా ఎందుకులే, మా ఇంట్లో బేతంచెర్ల బండలు చూడు. సందుల్లో మట్టి పొడుగు పొరకతో రాదు. కొన్నాం, మూలన పడేశాం.

పెన్నఒడ్డు: మరీ మెత్తటిది కొనుంటారు.

శెనక్కాయ: మెత్తదైనా గట్టిదైనా సందుల్లో రాదని చెప్తున్నా కదా!

దేవునికడప: నాకు డిస్కు జారి కాలు మడమ దాకా గుంజేది. ఊడ్చేటప్పుడు అదే వంపులో ఉండిపోవద్దు, మధ్యమధ్యలో లేచి నిలబడు అన్నారు ఫిజియో. మూడు గదులు, వసారా, వాకిలి ఒక్క ఊపున అయిపోవాలంటే లేచే తీరిక ఏదీ? లేస్తే మా అత్త 'అప్పుడే అలసిపోయావా' అనేది.

శెనక్కాయ: అత్తల గోల ఇక్కడెందుకమ్మా?

దేవునికడప: మీ ఇంట్లో ఊడ్చేది మీరు కాదు గనుక. ఏనాడైనా పొరక పట్టుకున్నారా?

శెనక్కాయ: మాటలు జాగ్రత్త. ఈరోజు పొరక అంటుంది, రేపు బట్టలకు మెషీన్ అంటుంది, ఎల్లుండి జీతం పెంచమంటుంది. పనామె చెప్పినట్టల్లా ఆడితే ఇల్లు నడిచేదెట్ల?

ఎర్రబండ: ఇంతసేపూ బండల సందులు అని తిప్పి తిప్పి, ఇదా సంగతి.

హంద్రీగట్టు: జీతం ఊసే ఎత్తలేదన్నా ఆమె. పిడి ఎంత పొడుగుండాలో చెప్పండి ఎవరైనా.

ఎర్రబండ: నిలబెడితే ఆమె ఛాతీకి తగ్గకూడదు. అంగడికి ఆమెనే తీసుకుపోయి పట్టుకుని చూడమనండి. సందులకు, మూలలకు పొట్టిది ఉండనీండి, అక్కడ గొంతుకు కూర్చుని ఊడ్చుకోవచ్చు.

శెనక్కాయ: అంటే ఇప్పుడు రెండు పొరకలా?