అప్‌డేట్: మా బాబుకు హెర్నియా ఆపరేషన్ పూర్తయింది

4 ఏళ్ల మా బాబుకు గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ చేయించవలసి ఉందని, ఆ సంగతి వాడికి ఎలా చెప్పాలని ఇదివరకు అడిగాను. మంగళవారం ఆపరేషన్ జరిగింది. సాయంత్రానికే ఇంటికి వచ్చేశాము. మత్తుకు 6 గంటల ముందు నుంచి అన్నం, పాలు మానిపించి, 2 గంటల ముందు వరకు మంచినీళ్లు మాత్రమే పట్టవచ్చని మత్తు డాక్టరు చెప్పడంతో, తెల్లవారుజామున పాలకోసం మారాం చేస్తాడేమోనని భయపడ్డాను గాని, రెండు రోజులుగా బొమ్మ ఎలుగుబంటికి పట్టీ వేసి ఆడించినందువల్ల కాబోలు, "ఎలుగు కూడా తినలేదు" అని వాడే సర్దిచెప్పుకున్నాడు. అసలు ఏడుపు మెలకువ వచ్చాక మొదలైంది; అరగంటసేపు మమ్మల్ని గుర్తుపట్టనట్టు కాళ్లు తన్నుకున్నాడు. మత్తు దిగేటప్పుడు కొందరు చిన్నపిల్లలు ఇలాగే చేస్తారని నర్సు చెప్పేవరకు నా ప్రాణం నాలో లేదు. చంటిదాన్ని ఆ రోజంతా మా అత్తగారే చూసుకున్నారు.