అప్‌డేట్: మా గల్లీ డ్రైనేజీ, సీసీ రోడ్డు సంగతి
డ్రైనేజీ కోసం గల్లీ అంతా తవ్వేశారు, కొత్త రోడ్డు ఎత్తు పెరిగితే వాన నీళ్ళు ఇంట్లోకి వస్తాయా అని అడిగా కదా, మీరు చెప్పినట్టే పాత రోడ్డు మీదే కాంక్రీట్ పోయకుండా ముందు అది పగలగొట్టించమని సైట్ ఇంజనీర్‌ని పట్టుకున్నాం, రెండ్రోజులు తిప్పించుకున్నాడు గానీ చివరికి జేసీబీ పెట్టి తీయించాడు. ఇప్పుడు రోడ్డు మా గేటు కంటే జానెడు కిందే ఉంది.

కాంక్రీట్ పోసే ముందే మా ఇంటి డ్రైనేజీ పైపు కొత్త మ్యాన్‌హోల్‌లో కలిపించుకుని రెండు బకెట్ల నీళ్ళు పోసి చూశా, బానే పారింది. పక్కింటాయన తర్వాత చూద్దాంలే అన్నాడు, ఇప్పుడు కొత్త రోడ్డు కోయాలంట!

క్యూరింగ్‌కి (కాంక్రీట్ గట్టిపడేదాకా తడిగా ఉంచడానికి) రోడ్డు మీద మట్టి గట్లు కట్టి నీళ్ళు నిలబెట్టారు, 28 రోజులయ్యేదాకా బండ్లన్నీ మెయిన్ రోడ్డు మీదే. మ్యాన్‌హోల్ మూత ఒకటి మాత్రం రెండంగుళాలు పైకి ఉంది, దానికోసం మళ్ళీ తిరుగుతున్నా.