మద్రాసులో ఓడల వాళ్ళ సమాధి రాళ్ళు: ఎక్కడ చూడాలి, ఎలా చదవాలి?

పారిస్ గుమాస్తా:
మాది బందరు. చెన్నైలో పారిస్ కార్నర్ దగ్గర ఎగుమతి దిగుమతుల పత్రాలు చూసే ఆఫీసులో పని చేస్తున్నాను. మధ్యాహ్నం భోజనం అయ్యాక అప్పుడప్పుడు ఆర్మీనియన్ వీధిలోని పాత చర్చికి వెళ్ళి కాసేపు కూర్చుంటాను. నడవలోనూ పెరట్లోనూ నేల మీద పరచిన రాళ్ళన్నీ సమాధులే. ఆ లిపిలో నాకు ఒక్క అక్షరం తెలియదు. వీళ్ళందరూ సరుకు వేసుకుని సముద్రం మీద వచ్చిన వ్యాపారులేనని అక్కడి కాపలా మనిషి చెప్పాడు. నేను రోజూ చేసే పనే మూడు వందల ఏళ్ళ కిందట ఇదే వీధిలో చేసిన వాళ్ళన్న మాట. అప్పటినుంచి మనసు అక్కడే ఉంది.

ఈ ఊళ్ళో ఓడ కెప్టెన్లవీ, సముద్ర వ్యాపారులవీ ఇలాంటి రాళ్ళు ఇంకెక్కడ ఉన్నాయి? సెయింట్ జార్జి కోటలోని చర్చి చుట్టూ కూడా సమాధి రాళ్ళు పరిచారట, వాటి మీద నడవవచ్చా? పులికాట్ సమాధుల మీద పుర్రెలు చెక్కి ఉన్న ఫొటో చూశాను. వాళ్ళు సముద్రపు దొంగలా?

రాయపురం మాస్టారు:
గుమాస్తా గారూ, కోటలోని సెయింట్ మేరీస్ చర్చితో మొదలు పెట్టండి. దీన్ని 1680 అక్టోబర్ 28న ప్రతిష్ఠించారు. బయట చుట్టూ పరచిన వందకు పైగా రాళ్ళలో ఒక్కదాని కిందా మనిషి లేడు. అసలు శ్మశానం కోట బయట, హైకోర్టు పక్కన పాత లా కాలేజీ ఉన్న చోట ఉండేది. 1758 డిసెంబర్‌లో ఫ్రెంచి సేనాని లాలీ కోటను ముట్టడించినప్పుడు అతని సైనికులు ఆ ఎత్తైన సమాధులనే చాటు చేసుకుని కోట మీదికి కాల్చారు. ముట్టడి 1759 ఫిబ్రవరిలో ముగిసింది. మళ్ళీ ఏ శత్రువుకూ ఆ అవకాశం ఉండకూడదని ఆంగ్లేయులు కట్టడాలు పడగొట్టి, రాతి పలకలు మాత్రం తెచ్చి చర్చి చుట్టూ పరిచారు. హైదరాలీ దండెత్తి వచ్చిన రోజుల్లో అందులో కొన్నిటిని ఫిరంగుల కింద కూడా వేశారు. చనిపోయిన వారికి మీ నడకతో వచ్చే అపచారం లేదు, అక్షరాలకు ఉంది. పాదాల కింద రోజూ కొంచెం కొంచెంగా అరిగిపోతున్నాయి. అంచు వెంబడి నడవండి.

వాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఎలిజబెత్ బేకర్ రాయి. ఈస్టిండియా కంపెనీ తరఫున మద్రాసుకు మొదటి ప్రెసిడెంటుగా, అంటే ముఖ్య అధికారిగా, వస్తున్న ఆరన్ బేకర్ భార్య ఆమె. నెలల తరబడి సాగే ప్రయాణంలో, ఓడ మీదే, ప్రసవ సమయంలో చనిపోయింది. సంవత్సరం 1652. మన దేశంలో ఆంగ్లేయుల సమాధి రాళ్ళలో ఇదే అతి పాతదని చెబుతారు. నౌకా చరిత్ర అనగానే మనకు కెప్టెన్లూ ఫిరంగులూ గుర్తుకొస్తాయి. ఆ ఓడల్లో ఆడవాళ్ళు కూడా వచ్చారని, నీళ్ళ మీదే పురుళ్ళు పోసుకున్నారని ఆ రాయి దగ్గర నిలబడితే తెలుస్తుంది. మద్రాసు వచ్చిన ప్రతివారికీ ముందు అక్కడికి వెళ్ళమనే చెబుతాను.

చర్చి లోపల వైస్ అడ్మిరల్ శామ్యూల్ హుడ్ స్మారకం ఉంది. 1798 నైలు యుద్ధంలో ఒక యుద్ధనౌకను నడిపినవాడు, 1806లో మరో పోరులో కుడిచేయి పోగొట్టుకున్నాడు, 1814 డిసెంబర్ 24న మద్రాసులో మరణించాడు.

పాత లా కాలేజీ ఆవరణలో గోపురంలా పొడుగ్గా నిలిచిన సమాధి ఒకటి ఇంకా ఉంది. కంపెనీ వర్తక అధికారి జోసెఫ్ హిన్మర్స్‌ది. 1680లో పోయాడు. అతని భార్య కేథరిన్ అదే ఏడాది ఎలిహు యేల్‌ను పెళ్ళాడింది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి ఆ పేరు వచ్చింది ఈయన నుంచే. వాళ్ళ పసివాడు డేవిడ్‌ను కూడా అక్కడే పెట్టారు.

ఇక మీ ఆర్మీనియన్ వీధి. ఇప్పటి చర్చి 1772 నాటిది, వాళ్ళ శ్మశానం ఉన్న చోటనే కట్టారు. ఆ పెరట్లోనే హారుత్యున్ ష్మావోనియన్ అనే మతగురువు సమాధి ఉంది. ప్రపంచంలో ఆర్మీనియన్ భాషలో వచ్చిన మొదటి పత్రిక ఆయన 1794లో మద్రాసులోనే అచ్చు వేశాడు. ఈసారి వెళ్ళినప్పుడు దాన్ని చూపించమని కాపలా మనిషిని అడగండి. ఆ సమాజపు పెద్ద వర్తకుడు కోజా పెట్రుస్ ఉస్కాన్ మాత్రం అక్కడ లేడు. మనీలా వ్యాపారంలో సంపాదించి, 1726లో సైదాపేట దగ్గర అడయారు మీద వంతెన కట్టించాడు, పరంగిమలకు (సెయింట్ థామస్ మౌంట్‌కు) మెట్లు వేయించాడు. 1746లో ఫ్రెంచివాళ్ళు ఊరు పట్టుకున్నప్పుడు వాళ్ళ పక్షం చేరనన్నాడు, ఆస్తి జప్తు చేశారు. 1751లో పోతే దేహాన్ని వేపేరిలో పెట్టి, గుండెను మాత్రం ఇరాన్‌లోని సొంత ఊరు జుల్ఫాకు పంపారు. వంతెన నాటి శాసనపు రాయి సైదాపేటలో రోడ్డు పక్కన ఉంది. దాని ముందు ఎన్ని బస్సులు పోతాయో, తల తిప్పి చూసేవారు ఎందరో! చాలా బాధగా ఉంటుంది.

ప్రళయకావేరి:
మాది పులికాట్ సరస్సుకు ఇవతలి ఒడ్డు, సూళ్ళూరుపేట వైపు. పుర్రెలకూ సముద్రపు దొంగలకూ సంబంధం లేదండి. చావు ఎవరినీ వదలదని గుర్తు చేయడానికి ఐరోపాలో ఆ కాలంలో సమాధుల మీద పుర్రెలు, ఎముకలు, ఇసుక గడియారాలు చెక్కేవారు. పులికాట్ డచ్చి శ్మశానం వాకిట్లో ఏకంగా అస్థిపంజరాలే నిలబడి ఉంటాయి. ఇప్పుడు అది పురావస్తు శాఖ రక్షణలో ఉంది. డచ్చివాళ్ళు 1613లో అక్కడ గెల్డ్రియా కోట కట్టారు. ఆ తరవాత చాలా దశాబ్దాలు కోరమండల్ అనే ఈ తూర్పు తీరమంతటికీ అదే వాళ్ళ ముఖ్య స్థానం. మన నేతగాళ్ళు నేసిన బట్ట అక్కడి నుంచే బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, ఓడ ఎక్కేది.

బట్టతో పాటు మనుషులు కూడా ఎక్కారు. కరువు రోజుల్లో అమ్ముడుపోయినవారిని బానిసలుగా తీసుకుపోయారు. ఆ చెక్కడపు పని ఎంత అందంగా ఉన్నా నేను అక్కడికి వెళ్ళినప్పుడు వాళ్ళ గురించే ఆలోచిస్తాను. వాళ్ళలో ఎవరికీ అక్కడ రాయి లేదు.

పారిస్ గుమాస్తా:
మాస్టారూ, మీరు రాసింది చదివి ఈ మధ్యాహ్నమే వెళ్ళి ష్మావోనియన్ సమాధి చూసి వచ్చాను. ప్రళయకావేరి గారి మాట కూడా మనసులో పడింది. ఇంతకీ కంపెనీకి బట్ట సమకూర్చిన మన తెలుగు వర్తకుల గుర్తు ఏదైనా మిగిలిందా?

రాయపురం మాస్టారు:
మిగిలింది, కాకపోతే చర్చి ఆవరణల్లో వెతికితే దొరకదు. బేరి తిమ్మన్న, కాశీ వీరన్న మద్రాసు తొలి రోజుల్లో కంపెనీకి ప్రధాన వర్తకులు. నేతగాళ్ళకు బయానాలు ఇచ్చి, బట్ట చూసి తీసుకుని, ఓడ వేళకు రేవుకు చేర్చే బాధ్యత వాళ్ళది. వీరన్న కూడా 1680లోనే పోయాడు, అంటే కోటలోని చర్చి ప్రతిష్ఠ జరిగిన ఏడాదే. దహనం చేసేవారికి సమాధి రాయి ఎలా ఉంటుంది?

తిమ్మన్న పేరు చెన్నకేశవ పెరుమాళ్ గుడితో ముడిపడి ఉంది. ఆ గుడి మొదట ఇప్పటి హైకోర్టు ఉన్న చోటే ఉండేది. 1757లో కోట రక్షణకు అడ్డమని దాన్ని తీసేశారు. 1760ల్లో దేవరాజ మొదలి వీధిలో మళ్ళీ కట్టారు. చూశారా, ఆంగ్లేయుల సమాధులనూ తెలుగు వర్తకుడి గుడినీ ఒకే యుద్ధ భయం రెండేళ్ళ తేడాలో కదిలించింది. ఆ వీధి మీ ఆఫీసుకు నడిచి వెళ్ళేంత దూరమే. మీ బందరుకు కూడా ఇందులో పాలుంది. 1639లో ఇక్కడ కోటకు స్థలం సంపాదించిన ఫ్రాన్సిస్ డే నెల్లూరు వైపు దుగరాజపట్నం నుంచి వస్తే, అతనికి అండగా నిలిచిన ఆండ్రూ కోగన్ బందరు గిడ్డంగి పెద్ద.

మైలాపూరు పాఠకురాలు:
ఒక మనవి. అక్షరాలు కనబడటం లేదని కొందరు సుద్దముక్కతో రుద్దుతారు, నూనె రాస్తారు. దయచేసి అలా చేయకండి, రాయి పొరలు ఊడిపోతాయి. ఉదయమో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్ళండి, లేదా ఫోను లైటును రాతికి ఒక పక్కనుంచి పట్టండి. లోతు తగ్గిన అక్షరం కూడా నీడతో పైకి తేలుతుంది. లాటిన్ రాళ్ళ మీద యు అక్షరాన్ని వి లాగా చెక్కుతారు, అది గుర్తుంటే సగం పేర్లు చదవగలరు. చదవలేనివాటికి జూలియన్ జేమ్స్ కాటన్ 1905లో అచ్చు వేయించిన మద్రాసు సమాధి శాసనాల జాబితా ఉంది. అప్పటికి నిలిచిన రాతలు అందులో దొరుకుతాయి.

కోటలోకి వెళ్ళాలంటే గుర్తింపు కార్డు తప్పక ఉండాలి, లోపల సచివాలయం, సైన్యం ఉన్నాయి. ఆదివారం ఆరాధన జరుగుతున్నప్పుడు మాత్రం ఫొటోలు తీయకండి.