తేలికపాటి అల్యూమినియం ట్రావెల్ ట్రెయిలర్: ఘాట్ రోడ్లకూ, సముద్రపు గాలికీ తట్టుకుంటుందా?

బరంపురం నివాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. లాడ్జీ మెట్లు, దారిలో మరుగుదొడ్ల ఇబ్బంది తలచుకుని కుటుంబ ప్రయాణాలన్నీ వాయిదా వేసుకుంటూ వస్తున్నాము. అందుచేత మా డీజిల్ స్కార్పియో వెనుక తగిలించుకుని వెళ్లగలిగే, మంచం, వంట, మరుగుదొడ్డి అన్నీ లోపలే ఉండే సుమారు పన్నెండు అడుగుల ట్రావెల్ ట్రెయిలర్ (చక్రాల మీది చిన్న ఇల్లు) ఒకటి కట్టించుకోవాలని అనుకుంటున్నాము. వెళ్లదలచినవి మరీ దూరపు చోట్లు కావు: గోపాలపూర్ తీరం, దరింగ్‌బాడి, మహేంద్రగిరి పరిసరాలు, వీలైతే సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్, అక్కడినుంచి దేవమాలి.

విశాఖపట్నంలోని ఒక వర్క్‌షాపు వారు రెండు అంచనాలు ఇచ్చారు. ఫ్రేమూ, పై రేకూ అల్యూమినియంతో చేస్తే ఖాళీ బరువు 720 కిలోలు ఉంటుందని, ఇనుప ఫ్రేముతో చేస్తే 880 కిలోలు అవుతుందని అంటున్నారు. అల్యూమినియం దానికి ధర దాదాపు నాలుగో వంతు ఎక్కువ. తుప్పు పట్టదు, బండి మీద భారం పడదు, డీజిల్ ఆదా అవుతుంది అని వారి మాట. ఈ మాటల్లో ఎంతవరకు నమ్మవచ్చునో, ముఖ్యంగా మన ప్రాంతపు దారులకూ వాతావరణానికీ ఏది తగినదో అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

రాయగడ బాడీ బిల్డర్:

నమస్కారమండీ. లారీలకూ, వ్యాన్లకూ బాడీలు కట్టే పని మాది. అల్యూమినియం బరువు ఇనుములో మూడో వంతు ఉంటుందన్న మాట నిజమే. అయితే వంగకుండా నిలబడే గట్టిదనం కూడా మూడో వంతే అన్న సంగతి అంచనా కాగితంలో ఎవరూ రాయరు. లెక్క వేసి చూడండి. 50 మిల్లీమీటర్ల చదరపు ఇనుప గొట్టం, 2 మిల్లీమీటర్ల మందంతో, మీటరుకు సుమారు 3 కిలోలు తూగుతుంది. దాని బదులు అదే కొలతలో అల్యూమినియం వాడినప్పుడు మందం 3 మిల్లీమీటర్లకు పెంచాలి. అప్పుడది మీటరుకు ఒకటిన్నర కిలో అవుతుంది, అయినా వంగకుండా నిలబడే శక్తి ఇనుప గొట్టంలో సగానికి కొంచెం తక్కువే. మీ ట్రెయిలరు గోడలకూ, కప్పుకూ నలభై మీటర్ల గొట్టం పడుతుందనుకుంటే ఆదా అయ్యేది సుమారు 60 కిలోలు. వారు చెబుతున్న తేడా 160 కిలోలు కదా, మిగిలిన వంద కిలోలు ఎక్కడ తగ్గాయో తప్పకుండా అడగండి. నేల ప్లైవుడ్ పలచబడిందా, కింది చాసిస్ (చక్రాల మీద మొత్తం భారం మోసే చట్రం) కూడా అల్యూమినియమేనా, లేక మంచాలూ అల్మారాలూ అంచనాలోనుంచి తీసేశారా అన్నది తేలాలి.

ఇంకొక మాట. ఖాళీ బరువు చూసి మురిసిపోకండి. ఎనభై లీటర్ల నీళ్ల ట్యాంకు నింపితే ఎనభై కిలోలు చేరినట్టే, అంటే ఫ్రేములో మిగిలిన ఆదా అక్కడే పోయింది. గ్యాస్ సిలిండరు, బ్యాటరీ, పరుపులు, వంట సామాను, మీ అమ్మగారి కోసం పెట్టే కమోడు అన్నీ ఎక్కించాక తూగే బరువే ఘాట్ రోడ్డు మీద లెక్కకు వస్తుంది.

దామన్‌జోడి విశ్రాంత ఇంజనీరు:

పంచపట్మాలి కొండలో దొరికే బాక్సైట్ అనే అల్యూమినియం ముడి ఖనిజం మా ఊళ్లో అల్యూమినా పొడిగా మారి, అంగుల్‌లో లోహమవుతుంది. ఆ లోహం మధ్య ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి దాని మీద నాకు కొంత పక్షపాతం ఉన్నదని ముందే చెప్పుకుంటున్నాను. అయినప్పటికీ రెండు విషయాల్లో జాగ్రత్త అవసరం.

మొదటిది గోపాలపూర్. అల్యూమినియం పై పొర దానంతట అదే ఆక్సైడుగా మారి లోపలి లోహాన్ని కాపాడుతుంది కనుక ఇనుములాగా తుప్పు పట్టదన్న మాట నిజం. కానీ అదే రేకును స్టీలు మరలతో బిగించి ఉప్పు గాలిలో నిలబెట్టినప్పుడు, రెండు లోహాల మధ్య ఉప్పు తేమ చేరి చిన్న విద్యుత్ ఘటంలా పనిచేస్తుంది, అందులో కరిగిపోయేది ఎప్పుడూ అల్యూమినియమే. మర తల చుట్టూ పెయింటు ముందు పొక్కులాగా లేస్తుంది. గోటితో గీరితే కింద తెల్లటి పొడి రాలుతుంది, మరను తిప్పి చూస్తే రంధ్రం వదులై ఉంటుంది. తీరం నుంచి తిరిగి వచ్చిన వెంటనే మంచినీళ్లతో కింది భాగంతో సహా కడగడం, స్టీలు తగిలే ప్రతి చోటా నైలాన్ వాషరు గానీ సీలెంటు గానీ ఉండేట్టు కట్టించుకోవడం తప్పనిసరి. రేకు 5052 గ్రేడుదేనా అని అడగండి, సముద్రపు గాలికి అది బాగా ఆగుతుంది.

రెండవది అలసట. లోహానికి కూడా అలసట ఉంటుంది. ఇనుములో ఒత్తిడి ఒక హద్దు దాటనంతవరకు ఎన్ని లక్షల కుదుపులు తిన్నా పగులు మొదలుకాదు, అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, చిన్న కుదుపు కూడా దాని ఖాతాలో జమ అవుతూనే ఉంటుంది. పైగా 6061 వంటి గట్టి గ్రేడును వెల్డింగు చేసినప్పుడు ఆ వేడికి వెల్డు పక్కనున్న లోహపు బలం దాదాపు సగానికి పడిపోతుంది. సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ ఎక్కే దారిలో ప్రతి మలుపులోనూ చాసిస్ మెలి తిరుగుతుంది కనుక, పగుళ్లు మొదలయ్యేది సరిగ్గా ఆ వెల్డుల పక్కనే. రాయగడ మిత్రులు చాసిస్ గురించి అడగమన్నది అందుకే ముఖ్యమని నా అభిప్రాయం.

పర్లాకిమిడి, ప్రస్తుతం టెక్సాస్:

అమెరికాలో ఈ రకం ట్రెయిలర్లకు పేరు తెచ్చిన ఎయిర్‌స్ట్రీమ్ సంస్థను వాలీ బయమ్ 1931లో స్థాపించారు. విమానాల తరహాలో రివెట్లు కొట్టిన అల్యూమినియం గుల్ల దాని గుర్తు. కానీ ఆ గుల్ల కింద ఉండేది ఇనుప చాసిసే. అంటే ఆ పద్ధతిలో కూడా పై భాగానికి ఒక లోహం, భారం మోసే భాగానికి ఒక లోహం వాడుతున్నారు.

వేరొక చిన్న సంస్థ చేసిన అల్యూమినియం ట్రెయిలరు మా ఇంట్లో ఉంది. చలి రాత్రుల్లో గోడ లోపలి ఫ్రేము గొట్టాల వెంబడి నీటి చెమ్మ చారలు కడుతుంది. లోహం చలిని నేరుగా లోపలికి తెస్తుంది కాబట్టి, ఫ్రేముకూ లోపలి గోడకూ మధ్య ఏదైనా ఫోము పట్టీ వేయకపోతే దరింగ్‌బాడి చలికాలంలో మీ పరుపులు తడుస్తాయి. వేసవికి మరొక సంగతి: మెరిసే అల్యూమినియం చల్లగా ఉంటుందని చాలామంది అనుకుంటారు, నిజానికి అది పుచ్చుకున్న వేడిని తిరిగి వదలదు కనుక ఎండలో తెల్ల పెయింటు వేసిన రేకు కంటే ఎక్కువ కాలుతుంది. తెల్ల రంగు వేయించండి, అందం తర్వాత చూసుకోవచ్చు.

బరంపురం నివాసి:

అందరికీ ధన్యవాదాలు. వర్క్‌షాపు వారిని అడిగితే చాసిస్ కూడా అల్యూమినియమేనని, నేల ప్లైవుడ్ 18 మిల్లీమీటర్ల బదులు 9 మిల్లీమీటర్లు వేస్తామని చెప్పారు. ఇప్పుడు ఇనుప చాసిస్ మీద అల్యూమినియం గుల్ల వేయించుకుంటే మధ్యేమార్గం అవుతుందా? లేక తేలిక అన్న ప్రయోజనమే పోతుందా?

జయపురం వాహనదారు:

సందేహం నివృత్తి కాకముందే ఒక కాగితం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం నిర్వచనంలో ట్రెయిలరు కూడా మోటారు వాహనమే, కాబట్టి దానికి వేరే రిజిస్ట్రేషను ఉండాలి. ఎంత చక్కగా కట్టినా ఎ.ఆర్.ఎ.ఐ. వంటి పరీక్షా సంస్థ ఆమోదం పొందిన నమూనా కాకపోతే ఆర్టీవో కార్యాలయంలో ఇబ్బంది పడతారు. అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ ధ్రువపత్రం చూపించమనండి. మీ స్కార్పియో ఎంత బరువు లాగగలదో కూడా కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

రాయగడ బాడీ బిల్డర్:

బరంపురం వారికి: ఇనుప చాసిస్, అల్యూమినియం గుల్ల అన్నదే నా సలహా కూడా. చాసిస్‌ను గాల్వనైజ్ చేయించండి (తుప్పు పట్టకుండా జింకు పూత), నేల ప్లైవుడ్ 18 మిల్లీమీటర్లే వేయించండి. దీనివల్ల బరువు వంద కిలోల వరకు పెరిగినా సరే. మోహన నుంచి గుణుపురం దాకా ఏ ఊళ్లో చాసిస్ పగిలినా ఇనుమైతే మామూలు వెల్డింగు షాపులో అతికిస్తారు, అల్యూమినియం అయితే ఆర్గాన్ గ్యాస్ సిలిండరూ, టిగ్ వెల్డింగు యంత్రమూ ఉన్నవాణ్ణి వెతుక్కుంటూ మీరు ట్రెయిలర్ను లారీ మీద ఎక్కించాల్సి వస్తుంది. డీజిల్ ఆదా అన్నది ఘాట్ ఎక్కేటప్పుడు కొంత కనిపిస్తుంది కానీ, హైవే మీద ట్రెయిలరుకు ఎదురయ్యే గాలి ముందు వంద కిలోల తేడా లెక్కలోకి రాదు. బ్రేకులు మాత్రం విడిగా ఉండాలి. మొత్తం బరువు స్కార్పియో బ్రేకుల మీదే వదిలి సుంకి ఘాట్ దిగకండి, దిగేటప్పుడు ముందునుంచే తక్కువ గేరులో ఉండండి.

బండి చేతికి వచ్చాక నీళ్లు నింపి, సామానంతా సర్ది, వేబ్రిడ్జి మీద ట్రెయిలర్ను విడిగా తూయించండి. తర్వాత నేల సమంగా ఉన్న చోట, కారుకు తగిలించే ముక్కును ఇంట్లో మనుషులు తూగే స్కేలు మీద దిమ్మె పెట్టి ఆనించండి. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం మధ్య చూపించాలి. అంతకంటే తక్కువ వస్తే హైవే మీద లారీ దాటినప్పుడల్లా ట్రెయిలరు తోక ఊపుతుంది. అప్పుడు నీళ్ల ట్యాంకునో, బ్యాటరీనో ఇరుసుకు ముందు వైపుకు జరిపించండి. వర్క్‌షాపులో ఉండగానే ఈ పని చేయించుకోవడం తేలిక.