కర్నూలు నగరం ఓటు ఎటువైపు? ఒక్క నియోజకవర్గాన్ని చూసి చెప్పగలమా?

ప్రశ్న: కల్లూరు నివాసి

పత్తికొండ నుంచి వచ్చి, కల్లూరు వైపు ఇల్లు కట్టుకుని ఆరేళ్లయింది. ఇంటిపన్ను కట్టేది కర్నూలు నగరపాలక సంస్థకు, ఉండేది కర్నూలు జిల్లాలో. అయినా 2024లో నేను ఓటు వేయవలసి వచ్చింది మాత్రం పాణ్యం శాసనసభ స్థానానికి, నంద్యాల లోక్‌సభ స్థానానికి. 2014, 2019లలో కర్నూలు నగరం వైఎస్సార్ కాంగ్రెస్‌ను గెలిపించింది కనుక ఇది ఆ పార్టీ ఊరని కొందరూ, 2024లో టి.జి. భరత్ గెలిచారు కనుక తెలుగుదేశం వైపు తిరిగిందని మరికొందరూ అంటున్నారు. ఈ నగరానికి స్థిరమైన మొగ్గు అంటూ ఒకటి ఉన్నదా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు 1: విశ్రాంత ఉపాధ్యాయుడు, పాతబస్తీ

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉన్నది. నగరపాలక సంస్థలోని 52 వార్డులు కర్నూలు, పాణ్యం, కోడుమూరు అనే మూడు శాసనసభ నియోజకవర్గాల మధ్య చీలిపోయాయి. అందువల్ల ఓట్ల లెక్కింపు రోజున టీవీలో ‘కర్నూలు’ అని చూపించే ఫలితం నగరం మొత్తానిది కాదు. హంద్రీ నదికి అవతల పెరిగిన కాలనీలలో చాలావాటి ఓట్లు పాణ్యంలో, ఓర్వకల్లు, గడివేముల పల్లెల ఓట్లతో కలిసి లెక్కకు వస్తాయి.

కర్నూలు స్థానం వరకే చూస్తే, 1994లో సి.పి.ఎం. అభ్యర్థి ఎం.ఎ. గఫూర్, 1999లో తెలుగుదేశం నుంచి టి.జి. వెంకటేశ్, 2004లో మళ్లీ గఫూర్, 2009లో కాంగ్రెస్ నుంచి మళ్లీ వెంకటేశ్ గెలిచారు. ఆ తరువాత 2014లో ఎస్.వి. మోహన్ రెడ్డి, 2019లో హఫీజ్ ఖాన్ వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున, 2024లో భరత్ తెలుగుదేశం తరఫున నెగ్గారు. గఫూర్ గెలిచిన రెండుసార్లూ ఆయన పార్టీ రాష్ట్రంలో అధికారానికి వచ్చిన కూటమిలోనే ఉన్నది: మొదట తెలుగుదేశంతో, తరువాత కాంగ్రెస్‌తో. అంటే ఈ ఏడు ఎన్నికలలో ఆరుసార్లు నగరం రాష్ట్రంలో గెలిచిన పక్షం వెంటే నడిచింది. తప్పినది ఒక్క 2014లోనే. అప్పుడు కూడా నగరం ఒంటరిగా ఎదురు నిలవలేదు. ఉమ్మడి జిల్లాలోని 14 స్థానాలలో 11 వైఎస్సార్ కాంగ్రెస్‌కే దక్కాయి. కాబట్టి నా దృష్టిలో ఇది ఒక పార్టీకి కట్టుబడిన ఊరు కాదు, గాలిని ముందుగా పసిగట్టే ఊరు.

జవాబు 2: న్యాయవాది, బుధవారపేట

మాస్టారి లెక్క సరైనదే గాని, ‘గాలి’ అనే మాటతో సరిపెట్టుకుంటే ఇక్కడి ఓటరుకు అన్యాయం చేసినట్లే. ముస్లిం ఓట్లే ఇక్కడ అంతా తేలుస్తాయనీ, బి.జె.పి.తో కలిస్తే తెలుగుదేశానికి ఈ స్థానం దక్కదనీ తరచూ వింటుంటాం. ఆ పొత్తుతో తెలుగుదేశం పోటీ చేసిన 1999, 2004, 2014, 2024 ఎన్నికలలో రెండుసార్లు గెలిచింది, రెండుసార్లు ఓడింది. పొత్తు లేని 2019లోనూ ఓడింది. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ ముస్లిం అభ్యర్థినే నిలిపినా గెలవలేదు. ఒక మతం వారందరూ ఒకే గుర్తుకు ఓటు వేస్తారనే ఊహ పాతబస్తీ వీధులలో తిరిగినవారికి నిలవదు.

మా వృత్తికి దగ్గరి విషయం మరొకటి ఉన్నది. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచి సీమకు హైకోర్టు అన్నది మాకు మానని కోరిక. 2020లో కర్నూలును న్యాయ రాజధానిగా ప్రకటించినప్పుడు ఎంతో ఆశపడ్డాం. నాలుగేళ్లు గడిచినా ఇక్కడ హైకోర్టు కొలువుతీరలేదు, ఓటరు అది చూశాడు. ఇప్పుడు ధర్మాసనం ఏర్పాటు చేస్తామంటున్నవారిని కూడా అదే కొలబద్దతో కొలుస్తాడని నా నమ్మకం.

జవాబు 3: గృహిణి, కల్లూరు ఎస్టేట్

అన్నగారూ, మన వైపు పాణ్యం సంగతి వేరు. 2009లో కాంగ్రెస్ నుంచి కాటసాని రాంభూపాల్ రెడ్డి, 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి గౌరు చరిత, 2019లో అదే పార్టీ నుంచి మళ్లీ కాటసాని, 2024లో తెలుగుదేశం నుంచి మళ్లీ చరిత గెలిచారు. ఇక్కడ పార్టీల కన్నా ఆ రెండు కుటుంబాల పలుకుబడే ఎక్కువ కనిపిస్తుంది.

నా బాధ వార్డుల గురించి. 2010లో పాలకవర్గం గడువు ముగిశాక 2021 మార్చి వరకు నగరపాలక ఎన్నికలే జరగలేదు. అన్నేళ్లు మురుగుకాలువ పొంగినా, కుళాయి నీళ్లు రాకపోయినా అడగడానికి మాకంటూ కార్పొరేటరు లేరు. 2021లో 41 వార్డులు వైఎస్సార్ కాంగ్రెస్‌కు వచ్చాయి. మూడేళ్లకే నగరం శాసనసభకు మరో పార్టీని ఎన్నుకున్నది. వార్డు ఓటు వేరు, శాసనసభ ఓటు వేరు అని జనం స్పష్టంగానే చెప్పారు.

ప్రశ్న అడిగినవారు: కల్లూరు నివాసి

అందరికీ కృతజ్ఞతలు. ఎన్నికల అధికారులు వెలువరించే ఫారం 20లో పోలింగ్ కేంద్రాల వారీగా ఓట్లు ఉంటాయి కదా. మూడు నియోజకవర్గాల పట్టికలనుంచి మన 52 వార్డుల కేంద్రాలను మాత్రమే ఏరి కలిపితే నగరం మొత్తం ఓటు ఎటు పడినదో తేలుతుంది. పాణ్యం పట్టికతో నేను ఈ ఆదివారం మొదలుపెడతాను. మాస్టారు కర్నూలు పట్టిక చూడగలిగితే, కోడుమూరులో మనకున్న కొద్ది కేంద్రాలను చివరగా కలుపుకోవచ్చు.